‘వటుడింతై’లో ‘య’ ఉందా?

ద్వారకానగర్ పాఠకుడు: పొద్దుటి నుంచి ఓ పాదం బుర్ర తినేస్తోంది. “ఇంతింతై వటుడింతై…” ఆ తర్వాత? పసుపులోని కర్క్యుమిన్‌ని నానో కణాల్లో పెట్టి, అల్జీమర్స్ కోసం మెదడుకి పంపడం మీద మా అమ్మాయి తెలుగులో పోస్టర్ రాస్తోంది. శీర్షికకి బాగుంటుందని.

సీతమ్మధార మాస్టారు: వటుడింతై కాదు బాబూ, వటుడింతయై. ‘ఇంతింతై వటుడింతయై మఱియుఁ దానింతై’ అని, పోతన భాగవతంలో వామనుడు పెరిగే పద్యం. శార్దూల వృత్తం, మూడేసి అక్షరాలు ఒక గణం. ‘ఇంతింతై’ మగణం, ‘వటుడిం’ సగణం, ‘తయైమ’ జగణం. ఆ ‘య’ పీకేస్తే జగణం కూలిపోతుంది.

ఎంవీపీ కాలనీ: మా ఇంట్లో మూడు తరాలుగా ‘వటుడింతై’ అనే చదువుతున్నాం మాస్టారూ. రాగంలో సరిపోతుంది.

సీతమ్మధార మాస్టారు: రాగంలో ఏదైనా సరిపోతుంది.

లాసన్స్ బే: అసలు పేచీ ‘దానింతై’ దగ్గరుంది. అది ‘దాని’ కాదు, ‘తాను’. ‘మఱియున్’ చివరి నకారం, అంటే ద్రుతం, వల్ల ‘తా’ కాస్తా ‘దా’ అయింది. ఎవరూ పెంచలేదు, తనంతట తానే పెరిగాడని పోతన కిటుకు.

పెదవాల్తేరు ఫార్మసీ: పెద్దలు మన్నించాలి, ఆ పాదం ఈ పోస్టర్‌కి అస్సలు కుదరదు. మా కణం పెరగకూడదండీ! ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడితే బ్యాచ్ పారబోసుకోవడమే. కర్క్యుమిన్ నీళ్లలో సరిగా కరగదు. పేగులూ లివరూ దాని రూపు మార్చి బయటికి తోసేస్తాయి. మిగిలిన కాస్తా మెదడు రక్తనాళాల గోడ దగ్గర ఆగిపోతుంది. అందుకే కణానికి వేషం వేస్తారు. పాలిసార్బేట్ 80 అనే సబ్బులాంటి పదార్థం పూత పూస్తే రక్తంలోని అపోలిపోప్రోటీన్-ఇ అనే ప్రోటీన్ వచ్చి అంటుకుంటుంది. కొలెస్ట్రాల్ మోసే మన కణమే కాబోలు అనుకుని గోడ లోపలికి రానిస్తుంది. ఇదీ ఎక్కువగా ఎలుకల్లో చూసిందే.

ద్వారకానగర్ పాఠకుడు: వడుగు వేషంలో బలి యాగశాలకి వెళ్లినట్టేగా తల్లీ!

పెదవాల్తేరు ఫార్మసీ: వెళ్లాక మావాడు పెరగడు సార్, కరిగిపోతాడు.

లాసన్స్ బే: నానో అంటేనే గ్రీకులో మరుగుజ్జు. కొలతల్లోకి 1960లో ఎక్కింది. ‘సూక్ష్మం’ మైక్రోకి ఇచ్చేశాం, ‘అణువు’ మాలిక్యూల్ పట్టుకుపోయింది. ‘వామన కణం’ అనమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నాను.

ఎంవీపీ కాలనీ: మందుల షాపులో అడిగి చూడండి గురూ, ఏమిస్తాడో.

సీతమ్మధార మాస్టారు: వామనుడి పేరెత్తారు కనుక, “రవిబింబం బుపమింప” పద్యం మరిచిపోయారేం? సూర్యుడు ముందు గొడుగు, తర్వాత శిరోరత్నం, చెవి నగ, కంఠాభరణం, అలా దిగి దిగి చివరికి పాదపీఠం. పెరిగేవాణ్ణి చూపకుండా సూర్యుణ్ణి కిందికి దించాడు మహానుభావుడు!

లాసన్స్ బే: అందులోనూ “వటుడు దా” ఉంది. నేనన్నదే.

సీతమ్మధార మాస్టారు: అక్కడ ద్రుతమెక్కడిది? ప్రథమా విభక్తి మీద ‘త’ ‘ద’ అయ్యే గసడదవాదేశం. చిన్నయసూరి వ్యాకరణం మళ్లీ ఓసారి తిరగెయ్యండి.

ద్వారకానగర్ పాఠకుడు: ఇంతకీ శీర్షిక ఏం పెట్టమంటారు?

సీతమ్మధార మాస్టారు: ఏదైనా పెట్టుకోండి. ‘మఱియు’ రాస్తే మాత్రం బండి ఱ వేయించండి.