అప్‌డేట్: జీపు ఇంజన్‌కు స్టాండర్డ్ కాదు, 050 మెయిన్ బేరింగ్‌లు వేసినాం

పోయిన నెల అడిగినాను కదా, చంద్రగిరిలో మా నాయన పాత డీజిల్ జీపు ఇంజన్ విప్పినాం, వేడెక్కితే ఆయిల్ ప్రెషర్ పడిపోతా ఉంది, స్టాండర్డ్ (కంపెనీ మొదటి సైజు) మెయిన్ బేరింగ్‌లు, అంటే ఇంజన్ బ్లాకులో క్రాంక్‌షాఫ్ట్‌ను మోసే అరవంపు షెల్‌లు, వేసేయొచ్చా అని. "ముందు పాత షెల్ వెనక్కి తిప్పి చూడు తమ్ముడూ" అని ఒకన్న చెప్పినాడు. ఆ మాటే కాపాడింది.

గుడ్డతో మసి తుడిస్తే వెనక 025 అని ముద్ర ఉంది. అంటే క్రాంక్‌ను ఇంతకుముందే గ్రైండ్ చేసి 0.25 మి.మీ. సన్నం చేసినారు, దానికి తగ్గ మందం షెల్ ఇది. స్టాండర్డ్ వేసుంటే పావు మిల్లీమీటరు అదనంగా లూజు! లోపలివైపు బూడిదరంగు పొర అరిగిపోయి రాగిరంగు తేలింది.

తిరుపతి లేత్ షాపులో మైక్రోమీటరుతో ఒక్కో జర్నల్‌ను (క్రాంక్‌లో బేరింగ్ మీద తిరిగే గుండ్రటి భాగం) అడ్డం, నిలువు కొలిపించినా. మూడోది 0.06 మి.మీ. ఓవల్, గుండ్రం తప్పింది. 050కి (స్టాండర్డ్ కంటే అర మి.మీ. సన్నగా) గ్రైండ్ చేయించి, ఆయిల్ దారులు బ్రష్‌తో కడిగి, షెల్ రంధ్రం బ్లాకు రంధ్రానికి సరిగ్గా కూర్చుందని చూసుకున్నాం. ప్లాస్టిగేజ్ (షెల్‌కు, జర్నల్‌కు మధ్య సందు కొలిచే మెత్తటి ప్లాస్టిక్ దారం) పెట్టినాక క్రాంక్ కదపకూడదు. మా తమ్ముడు తిప్పేసినాడు, మళ్లీ మొదటినుంచి! 60 మి.మీ. జర్నల్‌కు సందు 0.05 మి.మీ. వచ్చింది.

నిన్న స్టార్ట్ చేసినాం. వేడెక్కినా ప్రెషర్ నిలబడింది. నాయన బానెట్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు అట్లే వింటా నిలబడినాడు. అన్నా, నీకు రుణపడి ఉంటా.