బీటెక్ తర్వాత గ్యాప్ – ఎంబీఏ సీటు ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి? అర్జెంట్

ఆకివీడు కుర్రోడు: పొద్దుట్నించీ కూర్చున్నాను, ఒక్క జవాబు కుదరట్లేదు. ‘బీటెక్ అయ్యాక రెండేళ్లు ఏం చేశావ్?’ అని కచ్చితంగా అడుగుతారట. యూట్యూబ్‌లో ఒకాయన ‘స్కిల్స్ పెంచుకున్నానని చెప్పు’ అంటాడు, ఇంకొకాయన అలా చెబితే పోయినట్టే అంటాడు. కోచింగ్ వాళ్లిచ్చిన మోడల్ జవాబు చదివితే నాకే నవ్వొస్తోంది. మంగళవారమే ఇంటర్వ్యూ. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

గట్టు మీద: ఏ కాలేజీ?

తణుకు మాస్టారు: బాబూ, గ్యాప్ సంగతి తర్వాత. ముందు గ్రూప్ డిస్కషన్ గట్టెక్కాలి. మొదట నోరు విప్పినవాడి మీదే అందరి కళ్లూ ఉంటాయి. రోజూ ఇంగ్లీషు పేపరు ఎడిటోరియల్ పైకి చదువు. మనవాళ్లకి సబ్జెక్టు ఉంటుంది, నోరే రాదు. మా రోజుల్లో...

గట్టు మీద: మాస్టారూ, చాలా ఐఐఎంలలో గ్రూప్ డిస్కషన్ (జీడీ) పోయి ఏళ్లయింది. దాని బదులు రాత పెట్టారు.

తణుకు మాస్టారు: ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో ఉంది కదా?

గట్టు మీద: అది ఐఐఎం కాదు. అందుకే ఏ కాలేజీ అని అడిగింది.

ఆకివీడు కుర్రోడు: క్యాట్ రాశానండి, క్యాప్ పిలుపు వచ్చింది. కొన్ని కొత్త ఐఐఎంలు కలిసి చేసే ఇంటర్వ్యూ. ఉద్యోగం ఏమీ చెయ్యలేదు. ఇంట్లోనే ఉండి నాన్నగారి రొయ్యల చెరువులు చూసుకున్నాను, అంతే.

పాలకొల్లు అక్క: ‘అంతే’ ఏంటి తమ్ముడూ! ఎన్ని ఎకరాలు? నువ్వు చూసుకున్నదేమిటి?

ఆకివీడు కుర్రోడు: 12 ఎకరాలండి, సగం లీజు. వనామీ రకం రొయ్య. సీడ్ (రొయ్య పిల్లలు) తేవడం, మేత లెక్క, కూలీల డబ్బులు, పట్టుబడప్పుడు ఏజెంట్‌తో బేరం. ఒక పంట వైట్ స్పాట్ జబ్బుతో పోయింది. ఇవన్నీ అక్కడ చెప్పేవేనా?

పాలకొల్లు అక్క: చెప్పాల్సినవే ఇవి. నేనూ అలాంటి గదిలో కూర్చుని వచ్చినదాన్నే. నువ్వు ఏ మాట అంటే వాళ్లు దాన్ని పట్టుకుని లాగుతారు. ‘స్కిల్స్’ అంటే రెండో ప్రశ్నకే దొరికిపోతావు. ‘మేత’ అంటే వాళ్లు అడుగుతారు, నువ్వు చెబుతావు. కేజీ రొయ్యకి ఎన్ని కేజీల మేత పడింది, వంద కౌంట్‌కి (కేజీకి వంద రొయ్యలు) పట్టేశారా, ముప్ఫై కౌంట్ దాకా ఆగారా, ఆగితే జబ్బు భయం ఎంత, మేత ఖర్చు ఎంత, ఈ లెక్కలు నోటి మీద ఉండాలి. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, అప్పుడు మీ చెరువుగట్టు మీద రేటు ఏమైందో చెప్పు. ఈక్వడార్ మనకి ఎందుకు పోటీయో చదువుకో. వైట్ స్పాట్ పంట దాచకు. ఎంత పోయింది, తర్వాతి పంటకి ఏం మార్చారు, అది చెప్పు. ‘వై ఎంబీఏ’కి జవాబు కూడా అక్కడే ఉంది: రేటు ఎప్పుడూ ఏజెంటే ఎందుకు చెబుతున్నాడు?

గట్టు మీద: బాగుంది. కానీ ఫారంలో వర్క్ ఎక్స్‌పీరియన్స్ అని పెట్టాడా? కాగితం అడుగుతారు. నాన్న చెరువుకి జీతం స్లిప్పు ఎవరిస్తారు?

పాలకొల్లు అక్క: ఫారంలో పెట్టకపోతే నోటితో చెప్పకూడదా?

గట్టు మీద: చెప్పొచ్చు. మార్కులు పడవు. అది గ్యాపే.

పాలకొల్లు అక్క: పని చేసినవాడిది గ్యాప్ ఎలా అవుతుందండీ?

గట్టు మీద: వాళ్ల లెక్కలో అవుతుంది. నన్నేం చెయ్యమంటారు?

చివరి ఎకరం: ఈ చెరువుల గొప్పలు వినలేకపోతున్నాం. వరి చేల మధ్య చెరువు తవ్వితే పక్కవాడి చేను ఉప్పెక్కుతుంది. మురుగు కాలువలోకి మీరు వదిలే నీళ్లు ఎవరి చేలోకి పోతాయి? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది రొయ్యల కోసమా? 2011లో కోనసీమ రైతులు వరి వెయ్యకుండా క్రాప్ హాలిడే ఎందుకు పెట్టారో ఈ అబ్బాయికి తెలుసా?

తణుకు మాస్టారు: క్రాప్ హాలిడేకి రొయ్యలకి సంబంధం ఏంటండీ? అది గిట్టుబాటు ధర గొడవ, డ్రెయిన్ల గొడవ.

చివరి ఎకరం: డ్రెయిన్లనే కదా నేనూ అంటున్నది!

పాలకొల్లు అక్క: తమ్ముడూ, ఈయన అడిగిందీ చదువుకో. ప్యానెల్లో ఇలాంటాయన ఒకరు తప్పకుండా ఉంటారు. కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పడం ఇక్కడే ప్రాక్టీస్ చెయ్యి.

ఆకివీడు కుర్రోడు: మా చెరువు పక్కన కూడా వరి ఉందండి, గొడవ కూడా ఉంది. మధ్యలో కందకం తవ్వాం, పూర్తిగా ఆగలేదు. ఇలాగే చెప్పేయొచ్చా?

చివరి ఎకరం: ఆగదు. కందకం ఎంత లోతు?

తణుకు మాస్టారు: ఇంతకీ రాత పరీక్ష ఉందా లేదా?

గట్టు మీద: పిలుపు ఉత్తరంలో ఉంటుంది. చదవమనండి.

ఆకివీడు కుర్రోడు: థాంక్సండి అక్కా. మేత పుస్తకం తీసి కూర్చున్నాను. ఉత్తరంలో ఇంటర్వ్యూ ఒక్కటే ఉంది, రాత లేదు.

చివరి ఎకరం: కందకం లోతు చెప్పలేదు.

నరసాపురం ఎక్స్‌ప్రెస్: నాకు ఐసెట్ (మన రాష్ట్రం ఎంబీఏ ఎంట్రన్స్) ర్యాంకు వచ్చిందండి, దానికీ ఇంటర్వ్యూ ఉంటుందా?

గట్టు మీద: ఉండదు. కౌన్సెలింగే.