బిల్లు తొలగిస్తే వరుస సంఖ్యలు మారిపోయే సాఫ్ట్‌వేర్‌ను వాడవచ్చునా?

ప్రశ్న (తిరుపతి):
నమస్కారం. గోవిందరాజస్వామి గుడి దగ్గర మాకు ఇత్తడి, రాగి పూజాసామాన్ల దుకాణం ఉంది. మా అత్తగారి తరువాత నేనే చూసుకొంటున్నాను. జీఎస్టీ రెగ్యులర్ పద్ధతిలో ఉన్నాము. ఇటీవల కొన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక బిల్లును తొలగిస్తే, తరువాతి బిల్లుల సంఖ్యలన్నీ ఒక్కొక్కటి వెనక్కి జరిగి, మధ్యలో ఖాళీయే కనపడడం లేదు. అది సౌకర్యమేనని అమ్మినవారు అంటున్నారు గాని, నాకు భయంగా ఉంది. యాత్రికులు దీపపు కుందులు కొని, బరువు మోయలేమని రైలెక్కే ముందు తిరిగి ఇచ్చేయడం మాకు మామూలే. అప్పుడు ఆ బిల్లును ఏమి చేయాలి?

సమాధానం (చిత్తూరు, పన్ను లెక్కలు చూసేవాడిని):
అమ్మా, మీ భయం సరైనదే. జీఎస్టీ నియమం 46 ప్రకారం బిల్లు సంఖ్య వరుసగా ఉండాలి, 16 అక్షరాలు మించకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో మరొక బిల్లుకు అదే సంఖ్య రాకూడదు. మీ యాత్రికుని చేతిలో 412 అని అచ్చయిన కాగితం ఉండగా, మీ కంప్యూటరులో 412 వేరొకరి బిల్లుగా మారిపోతే, తనిఖీలో ఆ రెండింటినీ పొసగించి చెప్పడం ఎవరి తరమూ కాదు.

సరుకు గడప దాటకముందే బేరం ఆగిపోతే, బిల్లును 'రద్దు' అని గుర్తించి, సంఖ్యను అలాగే ఉంచి, జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్న్) లోని 13వ పట్టికలో రద్దయిన వాటి కింద చూపండి. సరుకు వెళ్లి తిరిగి వస్తే మాత్రం జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ కింద క్రెడిట్ నోట్ (అసలు బిల్లు మొత్తాన్ని తగ్గించే పత్రం) ఇవ్వాలి. అందులో అసలు బిల్లు నాటి పన్ను రేటే ఉండాలి. 2025 సెప్టెంబరు 22న రేట్లు మారినప్పుడు, పాత అమ్మకం వాపసుకు కొత్త రేటు వేసిన సాఫ్ట్‌వేర్‌తో నాకు తెలిసిన ఒక దుకాణదారు చాలా ఇబ్బంది పడ్డారు.

ప్రశ్న:
సాఫ్ట్‌వేర్‌లో దిద్దినవి, తొలగించినవి నమోదయ్యే మార్పుల చిట్టా కంపెనీలకే తప్ప మావంటి సొంత దుకాణాలకు అక్కరలేదని అమ్మినవారు అంటున్నారు. నిజమేనా?

సమాధానం:
అందులో సగమే నిజం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఆడిట్ ట్రెయిల్ (మార్పుల చిట్టా) నిబంధన కంపెనీల చట్టం కిందిది. అది మీకు వర్తించదు. కాని జీఎస్టీ నియమం 56(8) రిజిస్టరైన ప్రతి వ్యాపారికీ వర్తిస్తుంది: లెక్కలు కంప్యూటరులో ఉంచుకొంటే, దిద్దిన, తొలగించిన ప్రతి నమోదుకూ చిట్టా ఉండి తీరాలి. అమ్మినవారిని మీ ఎదుటే ఒక బిల్లు వేసి, దిద్ది, రద్దు చేసి, ఆ చిట్టాను తెరిచి చూపమనండి. చూపలేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ మీకు పనికిరాదు.

సాఫ్ట్‌వేర్ చందా ఆపివేసినా పాత లెక్కలు మీకు అందుతాయో లేదో కూడా అడగండి. వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలల పాటు వాటిని భద్రపరచాలి.

ఇప్పటివరకు తొలగించిన బిల్లులను మళ్లీ సృష్టించడానికి ప్రయత్నించకండి. ఉన్న కాగితపు నకళ్లు, చెల్లింపుల వివరాలు ఒకచోట చేర్చి, ఏ సంఖ్య ఎప్పుడు, ఎందుకు మారిందో రాసి, మీ అకౌంటెంటుకు చూపండి. నియమం ఒకటి కంటే ఎక్కువ వరుసలను అనుమతిస్తుంది కాబట్టి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో వేరే అక్షరంతో మొదలయ్యే వరుసను తెరిచి, ఆ రోజు నుంచి బిల్లులన్నీ అందులోనే వేయండి.