పరిశోధన చేసేవాళ్లు చెప్పండి: కష్టం వచ్చినప్పుడు దేన్ని పట్టుకుని నిలబడ్డారు?

అందరికీ నమస్కారం. నేను ఆరేళ్లుగా కణజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. రుజువు లేనిదే దేన్నీ నమ్మకపోవడం నాకు అలవాటైపోయింది. ల్యాబ్‌లో అది బాగానే పనికొచ్చింది.

పోయిన నెల మా నాన్నగారు చనిపోయారు. మూడో రోజు తమ్ముడి కూతురు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్య ఇప్పుడు ఎక్కడున్నాడు?" అని అడిగింది. తెలియదని చెప్పడానికి మనసొప్పలేదు. తెలిసినట్టు చెప్పడానికీ ఒప్పలేదు. దాని జుట్టు సవరిస్తూ అలాగే కూర్చుండిపోయాను.

అప్పటినుంచి పెద్ద శాస్త్రవేత్తలు ఏం నమ్మి బతికారో చదువుతున్నాను. విద్యుత్తు మీద పరిశోధనలు చేసిన ఫారడే చివరిదాకా గాఢమైన దైవభక్తితోనే ఉన్నాడు. ఐన్‌స్టీన్ మాత్రం తత్వవేత్త స్పినోజా చెప్పిన, ప్రకృతి పొందికలో కనిపించే దేవుణ్ణే నమ్ముతానని 1929లో చెప్పాడు. నన్ను ఎక్కువగా కదిలించింది డార్విన్. ఆయన కూతురు ఆనీ 1851లో పదేళ్ల వయసులోనే పోయింది. ముసలితనంలో ఆయన తనకు కవిత్వం, సంగీతం రుచించకుండా పోయాయని బాధపడ్డాడు. మళ్లీ బతికే అవకాశముంటే వారానికి ఒక్కసారైనా వాటికి సమయం ఇచ్చేవాణ్ణని రాసుకున్నాడు. అది చదివాక భయమేసింది. నేను పాట విని ఎన్నాళ్లయిందో నాకే గుర్తు లేదు.

మీ ఇంట్లో చావు వచ్చినప్పుడు, లేదా ఏళ్ల తరబడి చేసిన పని తప్పని తేలినప్పుడు మీరెలా తట్టుకున్నారు? పిల్లలకు ఏం చెప్పారు? పుస్తకాల పేర్లు వద్దండి, మీరు నిజంగా చేసింది చెప్పండి. ఆ పాప మళ్లీ అడిగేలోపు దానికో నిజాయితీ గల జవాబు ఇవ్వాలనుంది.