సాలార్‌జంగ్‌కు నాన్నను చక్రాల కుర్చీలో తీసుకెళ్లొచ్చా?

మలక్‌పేట అమ్మాయి:
నాన్నకు 72. పక్షవాతం వచ్చాక ఎడమ కాలు ఈడ్చుకుంటూ పది అడుగులు వేస్తారు, అంతే. మ్యూజియం దివాన్ దేవిడి అనే పాత ప్యాలెస్‌లో ఉన్నప్పుడు, అంటే 1968కి ముందు, తాతయ్యతో వెళ్లి చూశారట. మళ్లీ చూస్తానంటున్నారు. పోయిన నెల ఇంకో పాత ప్యాలెస్‌కు తీసుకెళ్తే ర్యాంప్ ఉంది, దానికి అడ్డంగా ఎవరిదో స్కూటరూ ఉంది. అది దాటితే రాతి గడప. వాచ్‌మన్, నేను, ఐస్‌క్రీమ్ బండి అబ్బాయి కలిసి ఎత్తాం. ఇంటికొచ్చేదాకా నాన్న మాట్లాడలేదు. మళ్లీ అలా అవుతుందేమోనని టెన్షన్.

నాలుగు చక్రాలు:
వెళ్లండమ్మా. నాకు పోలియో, కుర్చీలోనే నాలుగుసార్లు చూశాను. శుక్రవారం సెలవు, ఆదివారం జనం. మామూలు రోజు పొద్దున పదికి తీయగానే వెళ్లండి. కుర్చీ అక్కడే ఇస్తారు గానీ, పాదాలు పెట్టుకునే పలకలు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాకే కూర్చోబెట్టండి. పట్టులేని కాలు జారి ముందు చక్రంలో పడుతుంది.

అక్కడి బొమ్మల గడియారాన్ని పన్నెండింటికి మాత్రం చూపించకండి. పన్నెండు దెబ్బలు వినాలని ఊరంతా అక్కడే ఉంటుంది. మొదటిసారి నాకు కనిపించినవి వీపులే. గంట కొట్టే గడ్డం బొమ్మను ముందాయన ఫోన్‌లో చూశాను! పదకొండుకు చూపించండి, పది నలభైకే ముందు వరసకు చేరండి. బొమ్మ రెండు మూడు నిమిషాల ముందే బయటికొస్తుంది. అప్పటిదాకా కమ్మరి బొమ్మ సెకనుకోసారి సుత్తి వేస్తూనే ఉంటాడు, విసుగు రాదు.

ముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర మాత్రం మనదే పైచేయి. ఆవిడ తల కాస్త వంచి ఉంటుంది. కూర్చుని పైకి చూస్తే ఆ పాలరాతి ముసుగు కింద ముఖం ఇంకా బాగా తెలుస్తుంది.

పాతబస్తీ వాసి:
అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి ర్యాంప్. కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది. పాత కట్టడం, రాయి కదపలేం అంటారు, సరే. స్కూటర్ కదపడానికేం?

మలక్‌పేట అమ్మాయి:
వెళ్లొచ్చాం అండీ. దెబ్బలు నాన్న కుడిచేతి బొటనవేలితో కణుపుల మీద లెక్కపెట్టుకున్నారు, పదకొండూ సరిపోయాయట. సగం గదులు వదిలేశాం. బయటికొచ్చాక ఇరానీ చాయ్ కావాలన్నారు. హోటల్‌కు మూడు మెట్లు. చాయ్ ఆటోలోకే తెచ్చిచ్చారు.