నాన్నగారి మాన్యువల్ లెన్సులున్నాయి, నికాన్ డీ700 ఇప్పుడు కొనొచ్చా?

ఉప్పాడ తీరం:
అందరికీ నమస్కారమండి. మాది కాకినాడ. నాన్నగారు ఫిల్మ్ రోజుల్లో స్టూడియో నడిపేవారు. ఆయన నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా ఇప్పుడు బీరువాలోనే ఉంటోంది గానీ, ఆయన లెన్సులు మూడూ బాగున్నాయి. నికార్ 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.4, 105 ఎఫ్ 2.5, ఇంకొకటి 28. మూడూ చేత్తో ఫోకస్ తిప్పుకునేవే. నా చిన్న సెన్సర్ డిజిటల్ కెమెరా, నికాన్ డీ3200కి తగిలించి వాడుతున్నా. మీటరు పనిచెయ్యదు కాబట్టి అంచనాగా షట్టర్ పెట్టి, తీసి, స్క్రీన్ చూసి సరిచేసుకుంటా. అది అలవాటైపోయింది.

నా ఇబ్బంది వేరు. ఉప్పాడలో జామ్దానీ చీరలు నేసే ఇళ్ళల్లో ఫొటోలు తీస్తుంటాను. గదిలో సగం మగ్గమే. చిన్న సెన్సర్ మీద 50 కాస్తా 75లా అయిపోతుంది. వెనక్కి జరుగుదామంటే వీపుకి గోడ. చేతులు ఫ్రేములోకొస్తే ముఖం రాదు, ముఖం వస్తే చీర మీద బుటా రాదు. వెలుతురు కూడా ఒక్క కిటికీలోంచే.

ఇక్కడొకాయన డీ700 అమ్ముతానంటున్నారు. అది ఫుల్ ఫ్రేము, అంటే సెన్సర్ ఫిల్మంత పెద్దది, 50 మళ్ళీ 50లాగే ఉంటుంది. 2008లో వచ్చిన మోడల్, 12 మెగాపిక్సెళ్ళే. నా దగ్గరున్నది 24. ఇప్పుడు వాడుతున్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. వీడియో నాకు అక్కర్లేదు.

అనంతపురం ఆదివారం:
తమ్ముడూ, కొను. నేను ఇప్పటికీ దాంతోనే తీస్తున్నా, నాకిష్టమైన లెన్సు కూడా మీ నాన్నగారిదే, ఆ 105.

నీ డీ3200లో లేనిదీ డీ700లో ఉన్నదీ ఒకటుంది. మౌంటు అంచున చిన్న లీవరు. లెన్సు మీద అపర్చర్ రింగు నువ్వు ఎంత తిప్పావో ఆ లీవరు బాడీకి చెబుతుంది. మెనూలోకెళ్ళి ఆ లెన్సు ఎన్ని మిల్లీమీటర్లదో, గరిష్ఠ అపర్చర్ ఎంతో ఒకసారి రాసిపెట్టుకో. తొమ్మిది లెన్సుల దాకా గుర్తుపెట్టుకుంటుంది. అక్కడినుంచి ఫ్రేమంతా చూసి వెలుతురు కొలిచే మ్యాట్రిక్స్ మీటరింగే పనిచేస్తుంది, అపర్చర్ ప్రయారిటీలో షట్టర్ అదే చూసుకుంటుంది. నువ్వు రింగూ, ఫోకసూ, మనిషి ముఖమూ చూసుకుంటే చాలు. నలభై ఏళ్ళ నాటి లెన్సుని ఇంత మర్యాదగా చూసుకునే డిజిటల్ బాడీలు తక్కువ.

12 మెగాపిక్సెళ్ళ గురించి దిగులుపడొద్దు. ఫ్రేము 4256కి 2832 పిక్సెళ్ళు. 12/36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీట్‌లో ఒక పక్క పేజీ నిండా వేసినా అంగుళానికి 230 పిక్సెళ్ళు దాటి వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి అది పుష్కలం. మరీ గట్టిగా క్రాప్ చేసే అలవాటుంటే మాత్రం మానుకోవాల్సిందే. సెన్సర్ నికాన్ పెద్ద కెమెరా డీ3లో ఉన్నదే. పిక్సెళ్ళు తక్కువ కాబట్టి ఒక్కొక్కటీ పెద్దది, అందుకే చీకటి గదుల్లో నిలబడుతుంది. లేపాక్షి మండపంలో నేల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు బొమ్మలు తీస్తాను, కిరాతార్జునీయం ఘట్టం ఉండేచోట. అక్కడ ఫ్లాష్ వెయ్యాలని కూడా అనిపించదు. ఐఎస్ఓ 3200 పెడితే గ్రెయిన్ కనిపిస్తుంది గానీ ఆ ఎర్రమన్ను రంగు చెడదు, నల్లగీతలు నల్లగానే ఉంటాయి. మీ మగ్గం గదికి 1600 చాలేమో.

105 సంగతి కొంచెం చెప్పనీ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళున్నారు. మేకతోలు పలచగా సాపు చేసి, గీతలు గీసి, ఉలితో చిల్లులు కొట్టి రంగులద్దుతారు. బొమ్మని వెలుతురుకి ఎత్తి చూసినప్పుడు తోలు లోపలినుంచి వెలుగుతుంది, ప్రతి చిల్లూ ఒక చుక్కైపోతుంది. నేను 105ని ఎఫ్ 2.5లోనే, పూర్తిగా తెరిచి తీస్తా. ఆ లెన్సు తెరిచి ఉన్నప్పుడే పదును, వెనకాల గోడ మాత్రం వెన్నలా కరిగిపోతుంది. చర్మాన్ని గట్టిగా చూపించదు, అలాగని మెత్తగా దాచెయ్యదు. స్టీవ్ మెక్‌కరీ 1984లో తీసిన ఆ పచ్చకళ్ళ అఫ్ఘాన్ అమ్మాయి బొమ్మ కూడా 105 ఎఫ్ 2.5తో తీసిందే. ఒక మీటరు దూరం దాకే దగ్గరికి పోనిస్తుంది, ముఖాలకు అది సరైన దూరం. చిన్న సెన్సర్ మీద దీన్ని వాడుతూ ఉంటే టెలీ లెన్సు అనుకుని ఉంటావు. అది పోర్ట్రెయిట్ లెన్సు తమ్ముడూ. ఫుల్ ఫ్రేము మీద పెట్టి చూడు, నాన్నగారు ఏం చూసి కొన్నారో తెలుస్తుంది.

50 ఎఫ్ 1.4తో ఒక జాగ్రత్త. వ్యూఫైండర్ అద్దం ఆటోఫోకస్ లెన్సుల కోసం చేసింది, 1.4 దగ్గర అసలు మసక ఎంతో అందులో కనబడదు. కంటిని నమ్మకుండా, ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చచుక్క కింద వెలిగిందా లేదా చూసుకో. ఏ ఫోకస్ పాయింటు ఎంచుకుంటే ఆ చోటికి అది చెబుతుంది. ఎఫ్ 2.8కి వస్తే 50 ఇంకో లెన్సులా ఉంటుంది, నేతకు అదే బాగుంటుంది.

కొనేముందు టార్చ్ పట్టుకెళ్ళు. సీఎఫ్ మెమరీ కార్డు తీసేసి ఆ గూట్లోకి వెలుతురు వేసి పిన్నులు వంగాయేమో చూడు. అది అన్నిటికన్నా ముఖ్యం. ఒక జేపీఈజీ తీసి, దాంట్లోంచి షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారో, చదివించు. ఈ షట్టర్‌ని లక్షన్నర దాకా పరీక్షించారు, దాటినవి కూడా పనిచేస్తుంటాయి, కానీ ధర మాట్లాడేటప్పుడు ఆ అంకె నీ చేతిలో ఉండాలి. రబ్బరు ఊడితే అంటించుకోవచ్చు. ఆకాశాన్ని ఎఫ్ 16లో తీస్తే సెన్సర్ మీద మచ్చలు బయటపడతాయి. బరువుంటుంది, బ్యాటరీ లేకుండానే 995 గ్రాములు. లెన్సు పట్టుకునే ఎడమచెయ్యికి ఆ బరువు మంచిదే అంటాను నేను.

ఇంకోటి, మీది సముద్రపు గాలి. లెన్సులు తోలు సంచుల్లో ఉంచకు, ఫంగస్ పట్టేది అక్కడే. గాలి చొరని డబ్బా, సిలికా జెల్. పూసల రంగు మారితే వేడిచేసి మళ్ళీ పెట్టు.

కోఠి క్లిక్:
అన్న చెప్పినవన్నీ నిజమే, నేను కూడా డీ700 వాడిన. కానీ ఇంకో దారి కూడా చెప్తా. చేత్తో ఫోకస్ చేసేటోళ్ళకు నికాన్ మిర్రర్‌లెస్ కెమెరా పాత జెడ్6, దానికి ఈ లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ ఇంకా సులువు. ఫోకస్ దొరికిన అంచులు రంగుల మెరుస్తయ్, పెద్దగ చేసి చూసుకోవచ్చు, 1.4 దగ్గర ఒక్కటి కూడా పోదు. షట్టర్ చప్పుడు లేకుండ తీయొచ్చు, మగ్గం కాడ కూసున్నోళ్ళ ధ్యాస చెడదు. డీ700 చప్పుడు మాత్రం గదంతా వినబడ్తది. తర్వాతెప్పుడన్న ఏఎఫ్-డీ లెన్సులు (నికాన్ పాత ఆటోఫోకస్ రకం) కొందామనుకుంటే మాత్రం, అవి ఆ అడాప్టర్ మీద ఆటోఫోకస్ కావు, డీ700 మీద అయితయ్. పైసలు రెండింతలకు మించి అయితయ్, ఆలోచించుకో.

ఉప్పాడ తీరం:
ఇద్దరికీ ధన్యవాదాలండి. చప్పుడు సంగతి వాళ్ళనే అడిగాను. మగ్గం చప్పుడు ముందు మీ కెమెరా ఎంత బాబూ అన్నారు. డీ700కే మొగ్గుతున్నా. ఒక్క సందేహం గురువుగారూ. లెన్సులు మళ్ళీ తీసి చూశాను. 50కీ 105కీ అపర్చర్ అంకెలు రెండు వరసలున్నాయి, కింద వరస చిన్న అంకెలు. 28కి ఒక్కటే వరస. రింగు మీద లోహపు చెవులకు కన్నాలు కూడా లేవు. ఏమైనా తేడానా?

అనంతపురం ఆదివారం:
పెద్ద తేడా! మంచిపని చేశావు అడిగి. అది 1977కి ముందరి పద్ధతి లెన్సు, రింగు ఎంత తిరిగిందో ఆ లీవరుకి చెప్పే 'ఏఐ' రకం కాదు. డీ700కి తగిలించొద్దు, రింగు వెనక అంచు ఆ లీవరుని నొక్కి విరిచేస్తుంది. నీ డీ3200లో ఆ లీవరే లేదు కాబట్టి ఇన్నాళ్ళూ బాగానే కూర్చుంది, అక్కడే వాడుకో. రింగు అంచు కొంతమేర కోసి ఏఐగా మార్చొచ్చు. చేయిస్తే ఇంతకుముందు చేసిన మెకానిక్ చేతే చేయించు, రింగు లెన్సు నుంచి విడదీసి కోయాలి, రజను లోపల పడకూడదు.

నన్నడిగితే నాన్నగారి 28ని అలాగే ఉంచేసి ఏఐ తర్వాతి రకమైన 28 ఎఫ్ 2.8 ఏఐ-ఎస్ ఒకటి వెతుకు. కొనేముందు దూరం రింగు మీద 0.2 మీటర్లు అని ఉందో లేదో చూసుకో, ఏఐ మోడల్ 0.3 దాకే వస్తుంది. 20 సెంటీమీటర్ల దగ్గర బుటా పోగులు కనబడతాయి, వెనకాల నేసే మనిషీ ఫ్రేములోనే ఉంటాడు.