బ్లాగ్ సబ్‌డొమైన్‌లో పెట్టాలా, సబ్‌డైరెక్టరీలోనా?

కొత్తసర్వర్:
ప్రధాన సైట్ నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) మీద నడుస్తోంది, ముందు ఎన్‌జింక్స్ (రిక్వెస్టులు అందుకుని లోపలికి పంపే వెబ్ సర్వర్) ఉంది. యూజర్ లాగిన్లన్నీ అక్కడే. ఇప్పుడు వేరే సర్వర్‌లో వర్డ్‌ప్రెస్ బ్లాగ్ పెట్టాలి. గూగుల్ ర్యాంకింగ్ కోసం సబ్‌డొమైన్ (blog.example.com) కంటే సబ్‌డైరెక్టరీయే (example.com/blog) మేలంటున్నారు. నిజమేనా? సెటప్‌లో ఎక్కడ ఇరుక్కుంటాం?

లాగ్‌ఫైల్:
రెండూ తమకు సమ్మతమేనని గూగుల్ చాలాసార్లు చెప్పింది. ర్యాంకింగ్ కోసమే అయితే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. తేడా నిర్వహణలో ఉంటుంది. రోబోట్స్ ఫైల్ (సెర్చ్ ఇంజిన్ల క్రాలర్లు ఏవి చూడొచ్చో చెప్పేది) హోస్ట్‌కి, అంటే ఒక్కో డొమైన్ లేదా సబ్‌డొమైన్ పేరుకి ఒకటే, అదీ రూట్‌లోనే ఉండాలి. సబ్‌డైరెక్టరీ లోపల పెట్టిన దాన్ని క్రాలర్లు చూడవు కాబట్టి బ్లాగ్ నియమాలు ప్రధాన సైట్ ఫైల్లోనే రాయాలి. సెర్చ్ కన్సోల్‌లో (సెర్చ్‌లో మీ సైట్ ఎలా ఉందో చూపే గూగుల్ టూల్) డొమైన్ ప్రాపర్టీ తీసుకుంటే సబ్‌డొమైన్లు కూడా అందులోకే వస్తాయి.

ప్రాక్సీరాజు:
సబ్‌డైరెక్టరీ అయితే రివర్స్ ప్రాక్సీ తప్పదు, అంటే బ్లాగ్ రిక్వెస్టుల్ని ఎన్‌జింక్స్ అందుకుని బ్లాగ్ సర్వర్‌కి పంపాలి. బ్లాగ్ సర్వర్‌లో కూడా వర్డ్‌ప్రెస్‌ని అదే పేరున్న ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేయండి, సగం తలనొప్పి పోతుంది. అప్పుడు ఎన్‌జింక్స్‌లో ఎక్కడికి పంపాలో చెప్పే ప్రాక్సీ పాస్ అడ్రస్ చివర స్లాష్ పెట్టకూడదు. పెడితే పాత్‌లో ఫోల్డర్ పేరు ఊడిపోయి 404లు (పేజీ లేదనే ఎర్రర్లు) వస్తాయి.

హోస్ట్ హెడర్‌లో (ఏ సైట్ కావాలో చెప్పే రిక్వెస్ట్ లైను) ప్రధాన డొమైన్ పేరే పంపండి. లేకపోతే వర్డ్‌ప్రెస్ తన అసలు అడ్రస్‌కి మళ్లిస్తూ లూప్‌లో పడుతుంది. హెచ్‌టీటీపీఎస్ ఎన్‌జింక్స్ దగ్గరే ఆగిపోతే ఇంకో లూప్ కాచుకుని ఉంటుంది: యూజర్ హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చాడని చెప్పే ఫార్వర్డెడ్ ప్రోటో హెడర్ పంపి, అది చూసి వర్డ్‌ప్రెస్ హెచ్‌టీటీపీఎస్ ఆన్ అనుకునేలా దాని కాన్ఫిగ్ ఫైల్లో రాయాలి. బ్లాగ్ సర్వర్‌కి నేరుగా ఎవరూ రాకుండా ఫైర్‌వాల్‌లో ఎన్‌జింక్స్ ఐపీని మాత్రమే అనుమతించండి. తెరిచి ఉంచితే అవే పేజీలు రెండు అడ్రసుల్లో ఇండెక్స్ కావచ్చు.

తాళంచెవి:
పైదంతా సరే, కానీ లాగిన్ ఉన్న డొమైన్ మీదే వర్డ్‌ప్రెస్ పెడతారా? సబ్‌డైరెక్టరీ అంటే ఒకే ఆరిజిన్, బ్రౌజర్ దృష్టిలో రెండూ ఒకే చోటివి. ఏదో ప్లగిన్‌లో ఎక్స్‌ఎస్ఎస్ (బయటివాళ్లు మీ పేజీలో తమ స్క్రిప్ట్ నడిపించే లోపం) దొరికిందంటే, ఆ స్క్రిప్ట్ లాగిన్ అయిన యూజర్ పేరు మీద ప్రధాన సైట్ పేజీలన్నీ తెచ్చుకుని చదవగలదు. కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ (స్క్రిప్టులు కుకీని చదవకుండా చేసే గుర్తు) ఉన్నా దీన్ని ఆపదు. కుకీని ఒక ఫోల్డర్‌కే పరిమితం చేసే కుకీ పాత్ కూడా భద్రతా గోడ కాదు.

సబ్‌డొమైన్ అయితే ఆరిజిన్ వేరు, సమాధానం చదవకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది. అయినా సైట్ మాత్రం ఒకటే లెక్క. సేమ్‌సైట్ కుకీలు (వేరే సైట్ నుంచి వచ్చే రిక్వెస్టులతో వెళ్లకుండా పరిమితం చేసినవి) బ్లాగ్ నుంచి వెళ్తూనే ఉంటాయి కాబట్టి సీఎస్ఆర్ఎఫ్ టోకెన్లు (యూజర్‌కి తెలియకుండా అతని పేరు మీద పంపే దొంగ రిక్వెస్టుల్ని పట్టుకునే కోడ్లు) తీసేయకండి. సెషన్ కుకీకి (లాగిన్‌ని గుర్తుంచుకునేది) డొమైన్ యాట్రిబ్యూట్ ఇవ్వొద్దు. ఇస్తే అది బ్లాగ్ సర్వర్‌కీ చేరుతుంది. కుకీ పేరు ముందు హోస్ట్ ప్రిఫిక్స్ (__Host-) పెడితే ఇంకా నయం, సబ్‌డొమైన్ నుంచి దాన్ని ఎవరూ తిరగరాయలేరు. మీ పరిస్థితికి నా ఓటు సబ్‌డొమైన్‌కే.

కొత్తసర్వర్:
సబ్‌డొమైన్‌తో మొదలుపెట్టి తర్వాత మార్చుకోవచ్చా?

లాగ్‌ఫైల్:
మార్చుకోవచ్చు. ప్రతి పాత లింక్‌నీ దాని కొత్త లింక్‌కే 301తో (శాశ్వత రీడైరెక్ట్) పంపాలి. అన్నిటినీ హోమ్ పేజీకి తోసేస్తే గూగుల్ సాఫ్ట్ 404గా, అంటే పేజీ లేనట్టే చూస్తుంది. రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచండి. సెర్చ్ కన్సోల్‌లోని అడ్రస్ మార్పు టూల్ సబ్‌డైరెక్టరీకి పనికిరాదు.

తాళంచెవి:
బ్లాగ్ బయటి హోస్టింగ్‌లో ఉంటే ఇంకొకటి: ఆ ఖాతా మూసే ముందే సీనేమ్ రికార్డ్ (మీ సబ్‌డొమైన్‌ని ఆ హోస్టింగ్ పేరుకి చూపే డీఎన్ఎస్ ఎంట్రీ) తీసేయండి. మరిచిపోతే ఆ పేరుని అక్కడ వేరేవాళ్లు తీసుకుని మీ సబ్‌డొమైన్ మీద వాళ్ల పేజీ పెట్టుకోవచ్చు.